ఒక్కో మాట తెలుసు, వాక్యమే తెలుస్తలేదు

నర్సంపేట దిక్కు నుంచి ఒక చెల్లె రాసిన ఉత్తరం ఇది, జర కుదించి పెడుతున్న.

“అక్కా, ఇంటర్ దాకా నాది తెలుగు మీడియం. ఇప్పుడు హన్మకొండల హాస్టల్ల ఉండి జీఎన్ఎం నర్సింగ్ సెకండ్ ఇయర్ చదువుతున్న. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌ల. తెల్వని మాటలు ఫోన్ల చూసి పైన రాసుకుంట, అన్ని మాటలకు అర్థం రాసుకున్నంక కూడ వాక్యం మొత్తం ఏం చెప్తుందో తెలుస్తలేదు. చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోత. ఒక్క పేజీకి అరగంట పడ్తది. అదే తెలుగు నవల అయితే ఒక్క రాత్రిల అయిపోగొడ్త. మొన్న ఇంటర్నల్స్‌ల ఒక వాక్యానికి పేషెంట్‌కు బదులు నర్సుకు కళ్లు తిరిగినయని అర్థం రాసిన, క్లాసంత నవ్విండ్రు. మా సారేమో ఇంగ్లిష్‌లనే ఆలోచించు, మనసుల తర్జుమా చేసుకోకు, తెలుగు పుస్తకాలు పక్కన పడెయ్ అంటున్నడు. తెలుగు చదువుడు ఆపెయ్యాల్నా? నా మెదడుల ఏమన్న లోపం ఉన్నదా అక్కా?”

చెల్లే, ముందుగాల నీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెప్త, ఎందుకంటే ఆ భయంతోనే మిగతాదంత రాసినట్టు అనిపిచ్చింది నాకు. నీ మెదడుల ఏ లోపం లేదు. ఒక నవల రాత్రికి రాత్రి చదివి, దాంట్ల ఎవరు ఎవరికి ఏమైతరో, ఎవరు ఎందుకు అలిగిండ్రో అన్నీ యాదుంచుకునే పిల్లకు చదువుడు రాదని ఎట్ల అనుకుంటం. చదువుడు నీకు బ్రహ్మాండంగ వచ్చు. కాకపోతే తెలుగును ఎట్ల చదువుతవో ఇంగ్లిష్‌ను కూడ అట్లనే చదువుతున్నవ్, చిక్కు అక్కడ పడ్తున్నది. అది ఎక్కడ పడ్తదో ఒక్కసారి కండ్లతోని చూస్తే భయం సగం పోతది, అందుకే కొంచెం వివరంగ రాస్త, ఓపిక చేసుకొని చదువు.

నువ్వు తప్పు రాసిన ఆ వాక్యాన్నే ముందటేసుకొని కూసుందం. ద పేషెంట్ హూ హ్యాడ్ బీన్ గివెన్ ద ఇంజెక్షన్ బై ద నర్స్ కంప్లెయిన్డ్ ఆఫ్ గిడ్డినెస్. ఇందుల నీకు తెల్వని మాట ఒక్క గిడ్డినెస్సే కావొచ్చు, అది కూడ ఫోన్ల చూసుకొని ఉంటవ్. ఇగ ఇదే ముచ్చట మనం ఇంట్ల చెప్పుకుంటే ఎట్ల చెప్తం? నర్సు సూది వేసిన పేషెంటు కళ్లు తిరుగుతున్నయన్నది, ఇట్ల చెప్తం. మంచిగ చూడు, మన దాంట్ల ముందు వర్ణన అంత వచ్చేస్తది, నర్సు, సూది, వేసిన, ఇవన్నీ అయిపోయినంక అసలు మనిషి వస్తది, ఆ మనిషిని ఆనుకొనే ఆమె అన్నమాట ఉంటది. అంటే తెలుగుల ఇసొంటి వాక్యంల ఆఖరుకొచ్చిన మనిషే అసలు మనిషి. పుట్టినప్పటి సంది నీ చెవి దానికే అలవాటు పడ్డది, బడికి పోయినప్పటి సంది కన్ను కూడ దానికే అలవాటు పడ్డది. ఇంగ్లిష్‌ల లెక్క ఉల్టా. అసలు మనిషి పేషెంటు మొదట్లనే వచ్చి నిలబడ్డది, వర్ణన అంత దాని ఎనుక తోక లెక్క వచ్చింది, ఆ తోక కొసకు నర్సు ఉన్నది, నర్సును ఆనుకొని కంప్లెయిన్డ్ ఉన్నది. నీ కన్ను దాని అలవాటు ప్రకారం కొసకున్న మనిషిని పట్టుకున్నది, అంతే. క్లాసుల నవ్విన పిల్లలల్ల ఎంతమందికి ఆ వాక్యం నిజంగ విడిపోయి కనవడ్డదో, ఎంతమంది సూది తీసుకున్నోళ్లకే కదా కళ్లు తిరుగుతయని అంచనాతోని రాసిండ్రో నాకైతే డౌటే. ఆ అంచనా ముచ్చటకు మళ్ల వస్త.

ముందు ఇంకో సంగతి, మనం తెలుగు చదివేటప్పుడు లోపల ఏం జరుగుతదో మనకు తెల్వదు, అంత సాఫీగ జరిగిపోతది. “అమ్మమ్మ మనుమరాలికి” అని చెప్పి నేను ఆపేసిన అనుకో. ఇంకా క్రియ రాలే, ఏం జరిగిందో చెప్పలే, కాని నీ మనసుల అప్పటికే ఇచ్చిందో, పెట్టిందో, చెప్పిందో అసొంటిది ఏదో తయారై కూసున్నది. ఎవరు చేసిండ్రీ పని? ‘కి’ అన్న ఒక్క అక్షరం. జపాన్ భాష కూడ మన లెక్కనే క్రియను చివర పెడ్తది, మన విభక్తుల లెక్కనే మాట ఎనుక చిన్న చిన్న అక్షరాలు తగిలిస్తది, అందుకే వాళ్ల మీద చేసిన ఒక ప్రయోగం నాకు మస్తు ఇష్టం. 2003ల యుకి కమిడే, జెరి ఆల్ట్‌మన్, సారా హేవుడ్ అనే ముగ్గురు పరిశోధకులు జపాన్ వాళ్లకు బొమ్మ చూపిచ్చుకుంట వాక్యం వినిపిచ్చి, కండ్లు ఎటు తిరుగుతున్నయో మిషన్‌తోని కొలిచిండ్రు. బొమ్మల ఒక వెయిట్రెస్, ఒక కస్టమరు, ఒక హాంబర్గర్ ఉన్నయి. వెయిట్రెస్ కస్టమర్‌కు అన్నంతవరకు వినంగనే, హాంబర్గర్ అన్న మాట రాకముందే, క్రియ రాకముందే, కండ్లు హాంబర్గర్ దిక్కు పోయినయట. అంటే క్రియ చివర ఉన్నదని మనం ఊకె కూసోని ఎదురుచూడం, విభక్తులను పట్టుకొని ముందుకు ముందే ఇల్లు కట్టుకుంటం, క్రియ వచ్చి దానికి తలుపు పెడ్తది.

ఇగ ఇంగ్లిష్‌కు వస్తే ఆ ‘కి’, ఆ ‘ని’ చాలావరకు లేవు. కుక్కను పిల్లి తరిమింది అన్నా, పిల్లి కుక్కను తరిమింది అన్నా మనకు ఒకటే, ఎందుకంటే ‘ను’ ఏడికి పోయినా కుక్కనే పట్టుకొని పోతది. ద డాగ్ చేజ్డ్ ద క్యాట్ అన్న దాంట్ల మాటలు అటిటు చేసినవంటే కథే మారిపోతది. ఇంగ్లిష్‌ల మాట ఉన్న జాగనే దాని విభక్తి. ఈ తేడా మీద 1980లల ఎలిజబెత్ బేట్స్, బ్రయాన్ మాక్‌విన్నీ అనేటోళ్లు చాలా పని చేసిండ్రు. ఒక ప్రాణం లేని వస్తువు, ఒక జంతువు, పెన్సిలూ ఆవూ అసొంటివి పెట్టి పెన్సిలే ఆవును ఏదో చేసినట్టు వాక్యం ఇస్తే, ఇంగ్లిష్ వాళ్లు క్రియకు ముందున్నదే చేసిందని జాగను నమ్మిండ్రు, ఇటలీ వాళ్లు మాత్రం పెన్సిలేం చేస్తది ఆవే చేసి ఉంటదని ప్రాణమున్న దానిని నమ్మిండ్రు. ఒక్కో భాష తన వాళ్లకు ఒక్కో గుర్తును నమ్ముమని నేర్పిస్తది, ఆ నమ్మకాన్ని మనం రెండో భాషలకు కూడ మోసుకపోతం. నువ్వు మోసుకపోతున్నది అదే. వాక్యంల జాగ చూడాల్సిన కాడ నువ్వు విభక్తి కోసం ఎతుకుతున్నవ్, అది దొరుకుతలేదు, దొరకనప్పుడు అర్థం ఊహిస్తున్నవ్.

పుట్టుకతోని ఇంగ్లిష్ వచ్చినోళ్లు అసలే తడబడరని అనుకోకు. 1970ల టామస్ బెవర్ అనే పరిశోధకుడు ఇచ్చిన వాక్యం ఒకటి ఈ శాస్త్రంల బాగ పేరు పడ్డది, ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్. ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్నోళ్లు కూడ దీన్ని చదివి గుర్రం కొట్టం ముంగటి నుంచి ఉరికింది అని ఖుషీగ పోయి, చివర ఫెల్ కాడ గోడకు గుద్దుకున్నట్టు ఆగుతరు. అసలు అర్థం, కొట్టం ముంగటి నుంచి ఉరికించిన గుర్రం పడిపోయింది అని. రేస్డ్ అన్నదాన్ని వాళ్లు ఉరికింది అనుకున్నరు, అది ఉరికించబడిన అని. మన దాంట్ల ఇసొంటిది లేదా? చదువు ఇది: బాపు మేకను కొన్న మనిషిని అంగట్ల చూసిండు. బాపు మేకను కొన్న, ఇక్కడిదాకా వచ్చేసరికి మేకను కొన్నది బాపే అని నీ మనసు ఫిక్స్ అయితది. ఆ తర్వాత మనిషిని అని రాంగనే, అరే మేకను కొన్నది ఆ మనిషా అని ఒక్క క్షణం ఎనుకకు పోయి సర్దుకుంటది. ఇంకొంచెం ఆగి చూస్తే బాపు ఎవరి దగ్గర మేకను కొన్నడో ఆ మనిషిని అని కూడ అనిపిస్తది. తెలుగుల నువ్వు దీన్ని ఎంత తొందరగ సర్దుకుంటవంటే అక్కడ తట్టుకున్నవన్న సంగతే నీకు గుర్తుండదు. ఇంగ్లిష్‌ల సర్దుకునే వేగం ఇంకా రాలే, అందుకే తట్టుకున్న ప్రతిసారి గుర్తుంటున్నది.

ఇప్పుడు ఆ అంచనా ముచ్చట. 2006ల హారల్డ్ క్లాసెన్, క్లాడియా ఫెల్సర్ అనే ఇద్దరు ఒక వాదన పెట్టిండ్రు, పెద్దయినంక రెండో భాష నేర్చుకున్నోళ్లు వాక్యం కట్టుబడిని లోతుగ చూసుడు తక్కువ, మాటల అర్థాలను, లోకజ్ఞానాన్ని కలిపి అర్థం అల్లుకునుడు ఎక్కువ అని. అది పూర్తిగ వేరే పద్ధతి కాదు, ఎక్కువ తక్కువల తేడానే అని వాదించేటోళ్లు కూడ ఉన్నరు, నాకు కూడ అదే నిజమనిపిస్తది, ఎందుకంటే పుట్టుకతోని వచ్చిన భాషల కూడ మనుషులు ఆ పని చేస్తరు. అమెరికాల కీల్ క్రిస్టియన్‌సన్, ఫెర్నాండా ఫెరైరా వాళ్ల జట్టు 2001ల అచ్చేసిన ప్రయోగంల ఒక వాక్యం ఇట్ల ఉంటది, వైల్ ద మ్యాన్ హంటెడ్ ద డీర్ ర్యాన్ ఇంటు ద వుడ్స్. మనిషి ఏటాడుతుంటే జింక అడివిలకు ఉరికింది అని దాని అర్థం, మనిషి ఆ జింకనే ఏటాడిండని వాక్యం ఎక్కడ చెప్పలే. ఆ మనిషి జింకను ఏటాడిండా అని అడిగితే ఇంగ్లిష్ వాళ్లే చాలామంది అవునన్నరు. మొదట చదివినప్పుడు పడ్డ తప్పు అర్థం, తర్వాత వాక్యం సర్దుకున్నంక కూడ మనసుల అట్లనే మిగిలిపోయింది. అంటే పనికి సరిపోయేంత అర్థం దొరికితే చాలని ముందుకు పోవుడు మనుషులందరి గుణం.

కథ చదివేటప్పుడు అట్ల పోతే పర్వాలేదు. నీ పనిల మాత్రం పర్వాలేదు అనలేం చెల్లే, అందుకే ఇంత చెప్తున్న. డిగాక్సిన్ మందు ఇచ్చే ముందు నాడి నిమిషం నిండ లెక్కపెట్టాలె, పెద్దవాళ్లకు 60 కన్న తక్కువుంటే మందు ఆపి డాక్టర్‌కు చెప్పాలె అని నీకు ఫార్మకాలజీల చెప్పే ఉంటరు. దాన్ని పుస్తకం ఇట్ల కూడ రాయొచ్చు, డు నాట్ గివ్ డిగాక్సిన్ అన్‌లెస్ ద పల్స్ ఈజ్ 60 ఆర్ అబవ్. ఇందుల నాట్ ఒకటి, అన్‌లెస్ ఒకటి, రెండు కాదనే మాటలు. మనం అయితే నాడి 60 గాని, ఆపైన గాని ఉంటే తప్ప డిగాక్సిన్ ఇవ్వొద్దు అంటం, షరతు ముందు, వద్దు అన్నది చివరికి. ఇంగ్లిష్‌ల వద్దు అన్నది మొదట్లనే వచ్చేసింది, షరతు ఎనుక వచ్చింది. తెలుగు కన్నుతోని చదివేటోళ్లకు మొదట్ల ఉన్న నాట్ జారిపోతది, ఎందుకంటే లేదు, కాదు, వద్దు అన్నయి చివరికి వస్తయని మన అలవాటు, అక్కడిదాకా మనం తీర్పు చెప్పం. అట్లనే నీ ప్రశ్నపత్రాలల్ల ఆల్ ఆఫ్ ద ఫాలోయింగ్ అని మొదలై చివర ఎక్సెప్ట్ అని ఉంటది చూడు, అది కూడ జారిపోయేదే. పెద్ద పెద్ద వైద్యం మాటలు నువ్వు ఎట్లయినా నేర్చుకుంటవ్, నిన్ను పడేసేటివి ఈ చిన్న మాటలు, బై, హూ, అన్‌లెస్, ఎక్సెప్ట్, వైల్, బట్. ఫోన్ల వాటి అర్థం చూస్తే ఒక్క ముక్క చూపెడ్తది, వాక్యంల అవి ఏం పని చేస్తున్నయో చూపెట్టదు.

నాకు కూడ అయింది. 1994ల డిగ్రీల ఉన్నప్పుడు నోటీసు బోర్డు మీద ఇంగ్లిష్‌ల ఒక నోటీసు పెట్టిండ్రు, అన్‌లెస్ అన్న మాటను నేను ఇఫ్ లెక్క చదువుకున్న, ఫీజు కట్టినోళ్లు మళ్ల రావద్దు అన్నట్టు అర్థమై ఊరికి బస్సెక్కి పోయిన, తీరా కట్టినోళ్లే రశీదు తెచ్చి చూపెట్టాలె, లేకపోతే హాల్ టికెట్ ఇయ్యరని అసలు సంగతి. మా బాపు పత్తి ఏరుడు ఇడిసిపెట్టి నాతోని వచ్చి ఆఫీసు ముంగట నిలబడ్డడు ఒక దినమంత. ఆ రోజు నాకు ఎంత సిగ్గయిందో ఇప్పటికీ యాదికున్నది, నువ్వు రాసిన అందరు నవ్విండ్రు అన్న ముక్క కాడ నేను అందుకే ఆగిపోయిన.

తర్వాత నన్ను బయట పడేసింది ఎవరంటే ఇంగ్లిష్ సారు కాదు, మా హైస్కూల్ తెలుగు సారు. సెలవులల్ల పోయి నా బాధ చెప్పుకుంటే ఆయన నవ్వకుంట ఒక మాట అడిగిండు, పోతన పద్యాన్ని నీకు ఎట్ల చెప్పిన్నో యాదికున్నదా అని. నీకు కూడ యాదుండాలె. పద్యంల మాటలు ఎట్ల పడితే అట్ల ఉంటయి, ఛందస్సు కోసం అటిటు అయితయి, నాలుగు పాదాలు అయిపోయినా సంగతేందో తెల్వదు. సారు ముందు క్రియ ఏడున్నదో పట్టుకొమ్మనేది. క్రియ దొరికినంక ఎవరు అని అడగాలె, ఎవరిని, దేన్ని, ఎందుకు, ఎట్ల అని ఒక్కొక్కటి అడుక్కుంట మాటలను వరుసగ పేర్చాలె. దాన్నే అన్వయం అంటరు. మన మాట కాని వరుసల ఉన్న వాక్యాన్ని మన వరుసలకు తెచ్చుకునే విద్య మన బడిల మనకు ముందే నేర్పిండ్రు, ఇంగ్లిష్‌కు కూడ అదే పనికొస్తదని మనకెవరు చెప్పలే, అంతే. నేను ఆ ఎండాకాలం మొత్తం ఇంగ్లిష్ పేపర్‌కు అన్వయం చెప్పుకుంట కూసున్న.

నువ్వు కూడ అట్లనే చెయ్. పెన్సిల్ తీసుకో. వాక్యం ఒకసారి ఆపకుంట కొసదాకా చదువు, తెల్వని మాట ఉన్నా ఆగకు. తర్వాత అసలు క్రియ ఎతుకు. ఇందుల ఒక కిటుకు ఉన్నది, హూ, విచ్, దట్ అన్న మాటల ఎనుక వచ్చే క్రియ తోకలది, అది అసలు క్రియ కాదు. నీ వాక్యంల హ్యాడ్ బీన్ గివెన్ అన్నది హూ ఎనుక ఉన్నది, అంటే తోకల క్రియ, దాన్ని పక్కన పెట్టు. మిగిలిన క్రియ కంప్లెయిన్డ్. దాని కింద రెండు గీతలు గియ్. ఇప్పుడు ఎవరు అని అడుగు, అడిగి కొసకున్న నర్సును పట్టుకోకు, వాక్యం మొదటికి పో, తోక మొదలు కాకముందు ఉన్నది ఎవరు, పేషెంట్. దాని కింద ఒక గీత గియ్. హూ నుంచి నర్స్ దాకా ఉన్న తోకను గుండ్రంగ చుట్టు. ద పేషెంట్ కంప్లెయిన్డ్ ఆఫ్ గిడ్డినెస్, ఇంతే వాక్యం. ఏ పేషెంట్ అని ఎవరన్న అడిగితే చెప్పడానికి ఆ చుట్టిన తోక. ఆ తోకలోపల బై ఉన్నది చూసినవా, అది మన ‘చేత’, సూది వేసింది ఎవరో చెప్తది. తోక తెచ్చి ముందట పెట్టు, నర్సు సూది వేసిన, ఇగ పేషెంట్ తెచ్చి పెట్టు, క్రియ తెచ్చి చివర పెట్టు, తెలుగు వాక్యం తయారు. మొదట్ల ఒక వాక్యానికి అయిదు నిమిషాలు పడ్తది, దినాం పది వాక్యాలకు మించి చెయ్యకు, అన్ని వాక్యాలకు చెయ్యకు, తికమక పెట్టినవాటికే చెయ్. కొన్నాళ్లకు గీతలు కండ్లల్లనే పడ్తయి, పెన్సిల్ అవసరం ఉండది.

విడిపోయిన వాక్యాన్ని గట్టిగ పైకి చదువు, ముక్కలు ముక్కలుగ. ద పేషెంట్, జర ఆగు, హూ హ్యాడ్ బీన్ గివెన్ ద ఇంజెక్షన్ బై ద నర్స్, జర ఆగు, కంప్లెయిన్డ్ ఆఫ్ గిడ్డినెస్. చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్న అన్నవు కదా, దానికి మందు ఇదే. మనిషి మనసు ఒక్కసారికి పట్టుకోగలిగేది సుమారు నాలుగు మూటలు అని నెల్సన్ కోవన్ అనే పరిశోధకుడు 2001ల చెప్పిండు. నువ్వు పద్నాలుగు మాటలను పద్నాలుగు మూటలుగ పట్టుకుంటున్నవ్, ఎట్ల నిలుస్తయ్? మూడు మూటలు కట్టు, నిలుస్తయ్. తెలుగుల నువ్వు మూటలు కట్టే చదువుతున్నవ్, నీకు తెల్వకుంటనే.

మధ్యల ఫోన్ తీసుడు మాత్రం ఆపాలె. మాట కాడ ఆగి, ఫోన్ తీసి, లాక్ తీసి, టైప్ చేసి, అర్థం చూసి, పైన రాసి మళ్ల వచ్చేసరికి అప్పటిదాకా కట్టిన మూటలన్నీ విడిపోతయి. తెల్వని మాట కింద చుక్క పెట్టుకో, పేజీ అయినంక ఒకటేసారి చూసుకో. చూసుకునేటప్పుడు సగం మాటలు అడ్డమే కాలేదని నీకే తెలుస్తది. ఇగ ఎనుకకు పోయి మళ్ల చదువుడు గురించి సిగ్గుపడకు. చదివేటప్పుడు కన్ను గీత గీసినట్టు జారదు, దుంకుకుంట పోతది, ఒక్కో కాడ సుమారు పావు సెకను ఆగుతది, ఆగినప్పుడే మనం చదివేది. ఇంగ్లిష్ బాగ చదివే పెద్దోళ్ల కండ్లు కూడ నూరు దుంకుడులల్ల పది పదిహేను సార్లు ఎనుకకే దుంకుతయని కొలిచి చెప్పిండ్రు. ఎనుకకు పోవుడు చదువు రానోళ్ల పని అని ఎవరన్న అంటే నమ్మకు.

ఇంకో సంగతి, ఇది అన్నిటికన్న ముఖ్యం అనుకుంట నేను. నీ నర్సింగ్ పుస్తకం చదువుడు నేర్చుకోవడానికి పనికిరాదు. అది సబ్జెక్టు కోసం. ఎవరి సాయం లేకుంట ఒక పాఠం మంచిగ అర్థం కావాలంటే దాంట్ల నూటికి 98 మాటలు తెలిసి ఉండాలె అని మార్సెల్లా హూ, పాల్ నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000 సంవత్సరంల ఒక లెక్క చెప్పిండ్రు. నూటికి రెండే తెల్వని మాటలు. నీ పుస్తకంల నూటికి పది, పదిహేను ఉంటయేమో, అన్ని మాటలతోని, వాక్యంతోని, సబ్జెక్టుతోని ఒకటేసారి కుస్తీ పడ్తుంటే వాక్యం చదివే వేగం ఎప్పుడొస్తది? దానికి వేరే తేలిక పుస్తకం కావాలె. మన దగ్గర దానికి ఒక మంచి సౌకర్యం ఉన్నది. 2022-23ల మన సర్కారు బళ్లల్ల ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు పుస్తకాలను రెండు భాషలల్ల అచ్చేసిండ్రు, ఒక పేజీల ఇంగ్లిష్, పక్క పేజీల అదే పాఠం తెలుగుల. మీ ఊరి బడిల చదివే పిల్లలను అడుగు, ఏడో తరగతి, ఎనిమిదో తరగతి సైన్స్ పుస్తకం పాతది ఒకటి దొరుకుతది. గుండె, రక్తం, జీర్ణం, అవన్నీ నీకు వచ్చినవే, మాటలు చాలావరకు తెలిసినవే, ఇగ మిగిలేది వాక్యం వరుస ఒక్కటే. ఇంగ్లిష్ పేరా చదువు, అసలు క్రియలను పట్టు, తర్వాత పక్క పేజీల తెలుగు పేరా చూసి అవే క్రియలు ఎక్కడ కూసున్నయో చూడు. దినాం అరగంట, పడుకునే ముందు. ఎనిమిదో తరగతి పుస్తకమా అని హాస్టల్ల ఎవరన్న అంటే అననియ్. మీ వార్డుల ఎవరన్న చెయ్యి విరిగి కట్టు విప్పినంక మొదట మెత్తటి బాల్ పిసకమంటరు గదా, నువ్వే చెప్పిస్తవ్ వాళ్లతోని.

మీ సారు మాట గురించి. ఇంగ్లిష్‌ల ఆలోచించు అన్నది మంచికే అని ఉంటడు, కాని అది మనం చేస్తే అయ్యే పని కాదు, చదువంగ చదువంగ దానంతట అది వచ్చేది. నువ్వు చేస్తున్న తర్జుమాల తప్పు ఎక్కడంటే మాటకు మాట పెడ్తున్నవ్, పేషెంట్ అంటే రోగి, గివెన్ అంటే ఇచ్చిన అని. అట్ల పెడితే ఇంగ్లిష్ వరుసల తెలుగు మాటలు నిలబడ్తయి, అది ఏ భాషా కాదు. వాక్యం మొత్తం విప్పినంక ఒక్క తెలుగు వాక్యంగ చెప్పుకో, మీ అమ్మకు చెప్తున్నట్టు. చెప్పుకోగలిగితే అర్థమైనట్టు, చెప్పుకోలేకపోతే ఏ ముక్క కాడ నోరు ఆగిందో చూడు, చిక్కు ఆడనే ఉన్నది. ఈ తర్జుమా నిన్ను చెడగొట్టది. తేలిక వాక్యాలకు అదే రాలిపోతది కొన్నాళ్లకు, కష్టమైన వాటికి ఉంటది, నాకు ఇప్పటికీ కోర్టు కాగితాలు చదివేటప్పుడు ఉంటది.

తెలుగు పుస్తకాలు పడెయ్యమన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. కెనడాల జిమ్ కమిన్స్ అనే ఆయన 1979 సంది చెప్తున్న మాట ఒకటున్నది, ఒక భాషల బాగ చదువుడు వచ్చినోళ్లకు ఆ సత్తువ రెండో భాషలకు కూడ పాకుతది అని. ముందేం జరుగుతదో ఊహించుడు, ఎవరు ఎవరో యాదుంచుకునుడు, చెప్పని దాన్ని పట్టుకునుడు, ఇవి తెలుగు నవలలు నీకిచ్చినయి, ఇవి ఇంగ్లిష్ పుస్తకం ముందట కూసున్నా నీతోనే ఉంటయి. అవి లేనోళ్లు ఇంగ్లిష్ మీడియంల చదివి కూడ పేరా అర్థం కాక నా దగ్గరికి వచ్చిండ్రు, ఇరవై ఏండ్ల పైన పాఠాలు చెప్పిన, కండ్లార చూసిన. నవల చదువుకో. పరీక్షల ముందు పదిహేను రోజులు ఆపితే చాలు.

ఒకటి చెయ్ చెల్లే. హాస్టల్ల నీ లెక్కనే తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఇంకొకతి ఉంటది తప్పకుంట, ఆమెను పక్కన కూసోబెట్టుకో. ఒకరు వాక్యం పైకి చదవాలె, ఇంకొకరు పుస్తకం చూడకుంట క్రియ ఏంది, ఎవరు చేసిండ్రు అని చెప్పాలె. నెలయినంక నీ పుస్తకంల ఏదన్న ఒక పేజీ తీసి, తికమక పెట్టిన వాక్యాలల్ల అసలు క్రియల కింద రెండు గీతలు గీసి ఫోటో పంపు. తప్పు గీసినా సరే తుడపకుంట పంపు, ఏ గీత ఎందుకు తప్పిందో నేను కూసోని ఒక్కొక్కటి రాస్త.